బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే: ఫోను, పవర్ బ్యాంకు, ట్రిమ్మరు వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బంధువుల్లో ఎవరింటి పెళ్లికి వెళ్లినా, టిఫిన్ల దగ్గర కనీసం ఇద్దరు నా చేతిలో ఫోను పెడతారు. "ఒరేయ్, పొద్దున నూరు శాతం ఉంది, పదకొండింటికల్లా చచ్చిపోతోంది, కాస్త చూడు" అని. ఎలక్ట్రానిక్స్ చదివిన పాపానికి ఇరవై ఏళ్లుగా ఇదే వరస. అడిగేవి ఎప్పుడూ ఆ పదీ పదిహేను ప్రశ్నలే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఫోను, పవర్ బ్యాంకు, ఇయర్‌బడ్స్, చేతి ఫ్యాను, ఈమధ్య వచ్చే ట్రిమ్మర్లు, పిల్లలకు వాడే చిన్న నెబ్యులైజరు, వీటిలో చాలావాటి లోపల ఉండేది ఒకే జాతి బ్యాటరీ, లిథియం అయాన్. 1991లో సోనీ దాన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనక పనిచేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బ్యాటరీ ఉబ్బిన ఫోను ఇప్పుడు మీ చేతిలోనే ఉంటే ఇదంతా తర్వాత చదవండి. ముందు కిందున్న "ఉబ్బింది" ప్రశ్నకు వెళ్లండి.

రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తే పాడైపోతుందా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. మంచి ఫోను, మంచి ఛార్జరు అయితే ఓవర్ ఛార్జ్ అవదు. నూరు శాతం చేరగానే ఫోనులోని చిప్పే కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది. గోడకున్న స్విచ్ ఆన్‌లో ఉన్నా సరే. కాస్త దిగితే మళ్లీ కాస్త ఎక్కించుకుంటుంది, అంతే.

ఉన్న నష్టం ఇంకోటి. రాత్రి పన్నెండింటికి నిండిన బ్యాటరీ పొద్దున ఏడింటిదాకా అలా నిండుగానే కూర్చుంటుంది. నిండుకుండ తొణకదంటారు గానీ, ఈ కుండకు నిండుగా ఉండటమే కష్టం. ఆ వోల్టేజి దగ్గర లోపల అక్కర్లేని రసాయన చర్యలు వేగంగా జరుగుతాయి. రోజుకు ఏడు గంటలు, ఏడాది పొడుగునా అంటే లెక్కలోకి వస్తుంది. అందుకే ఇప్పటి ఫోన్లలో అడాప్టివ్ ఛార్జింగ్, ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ లాంటి పేర్లతో ఒక సదుపాయం ఇస్తున్నారు. ఎనభై దగ్గర ఆగి, మీరు లేచే వేళకు మిగతా ఇరవై నింపుతుంది. అది ఆన్ చేసుకుని హాయిగా పడుకోండి. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి ప్లగ్గు పీకే పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. బ్యాటరీకంటే ముందు ఆయన ఆరోగ్యం దిగిపోతుందని నా భయం.

దిండు కింద మాత్రం వద్దు. దూది వేడిని బయటికి పోనివ్వదు.

సున్నాకి దించి, తర్వాత నిండా ఎక్కిస్తేనే మంచిదని మా షాపతను చెప్పాడు. నిజమేనా?

ఒకప్పుడు నిజం. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో, మొదటి తరం సెల్‌ఫోన్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. వాటిని రోజూ సగం వాడి ఛార్జ్ చేస్తూ పోతే ఆ సగానికే అలవాటు పడినట్టు ప్రవర్తించేవి. దాన్నే మెమరీ ఎఫెక్ట్ అనేవాళ్లు. "కొత్త ఫోను కొనగానే ఎనిమిది గంటలు ఛార్జ్ చెయ్యాలి" అన్న సలహా కూడా ఆ కాలపుదే. బ్యాటరీ మారిపోయింది, సలహా మాత్రం షాపుల్లో తరతరాలుగా అలాగే ఉండిపోయింది.

లిథియంకు ఆ జబ్బు లేదు. పైగా పూర్తిగా దించడమే దానికి చెరుపు. వీలైనప్పుడల్లా కొంచెం కొంచెం ఎక్కించుకోవడమే మేలు. టీ తాగే పది నిమిషాలు పెట్టి తీసేసినా ఏమీ కాదు. "మాటిమాటికీ పెడితే సైకిల్స్ అయిపోతాయి" అనేవాళ్లకు సైకిల్ అంటే ఏమిటో తెలియదు. ఇవాళ సగం వాడి నింపి, రేపు ఇంకో సగం వాడి నింపితే రెండూ కలిపి ఒక సైకిల్. ప్లగ్గు ఎన్నిసార్లు పెట్టారన్నది ఎవరూ లెక్కపెట్టరు.

ఒక్క మినహాయింపు ఉంది. ముప్పై శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోయే ఫోన్లలో ఒక్కోసారి మీటరు లెక్క తప్పి ఉంటుంది. అప్పుడు ఒకసారి ఆగిపోయేదాకా వాడి, నూరుదాకా ఆపకుండా ఎక్కిస్తే లెక్క సర్దుకోవచ్చు. అది మీటరుకు చేసే వైద్యం. బ్యాటరీకి ఒరిగేది ఏమీ లేదు.

20 నుంచి 80 మధ్యలోనే ఉంచాలంటారు. అంత పట్టింపు అవసరమా?

శాస్త్రం వరకూ మాట నిజమే. మామూలు లిథియం సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది, కొత్త ఫోన్లలో ఇంకా కాస్త ఎక్కువే. ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దగ్గరికి దిగుతుంది. ఈ రెండు కొసల దగ్గరా దానికి శ్రమ ఎక్కువ, మధ్యలో సుఖంగా ఉంటుంది. అందుకే ఐఫోన్ 15 నుంచి ఎనభై దగ్గరే ఆపేసే సెట్టింగు పెట్టారు. శామ్‌సంగ్‌తో సహా చాలా కంపెనీల ఫోన్లలోనూ అలాంటిది ఉంది.

కానీ మనిషి మనిషికీ లెక్క మారుతుంది. రోజంతా ఆఫీసులో ప్లగ్గు పక్కనే కూర్చునేవాళ్లు ఎనభై పెట్టుకుంటే పోయేదేమీ లేదు. పొద్దున పొలానికో, డ్యూటీకో వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరనివాళ్లు నూరు నింపుకునే వెళ్లాలి. బ్యాటరీ మనకోసం, మనం బ్యాటరీకోసం కాదు. తిరుపతి ప్రయాణం పెట్టుకుని ఎనభై దగ్గర ఆపుకుని బయల్దేరే మా తమ్ముణ్ణి చూస్తే నవ్వొస్తుంది. సాయంత్రానికి నా పవర్ బ్యాంకు అడుగుతాడు.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్ నెలల తరబడి ప్లగ్గులోనే ఉంటుంది. అంటే నూరు శాతం దగ్గర, వేడిలో, రోజుకు పది గంటలు. దానికి మాత్రం 60 లేదా 80 పరిమితి తప్పకుండా పెట్టుకోండి. చాలా కంపెనీలు తమ సొంత యాప్‌లోనో, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరుచుకునే మూల సెట్టింగుల పేజీ) సెట్టింగ్స్‌లోనో ఆ వీలు ఇస్తున్నాయి.

ఎండాకాలం బ్యాటరీ తొందరగా దిగిపోతోంది. నా భ్రమా?

భ్రమ కాదు. నన్ను అడిగితే ఈ పేజీలో ఇదొక్కటి చదివి మిగతావి వదిలేసినా ఫర్వాలేదు. మన ప్రాంతంలో బ్యాటరీని తినేసేది ఎక్కువగా వేడే. ఛార్జింగ్ అలవాట్లన్నీ దాని తర్వాతే.

ఆపిల్ తన ఫోన్లకు అన్నిటికంటే నప్పే వాతావరణం 16 నుంచి 22 డిగ్రీలని చెబుతుంది. 35 దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని హెచ్చరిస్తుంది. 35 డిగ్రీలంటే మనకు మే నెలలో పొద్దున పదింటి ఎండ. రెంటచింతలలో, రామగుండంలో 45 దాటిన రోజులు ఎన్ని చూడలేదు!

వేడి, నిండుదనం రెండూ కలిస్తే ఇంకా చేటు. ఒకరకం సెల్లుకు నిపుణులు చెప్పే లెక్క ఇలా ఉంటుంది. నలభై శాతం ఛార్జితో 25 డిగ్రీల గదిలో ఏడాదిపాటు వాడకుండా పక్కన పెడితే సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. అదే నిండా ఛార్జి చేసి 40 డిగ్రీల్లో ఉంచితే 65 మాత్రమే మిగులుతుంది. ఒక్కసారి కూడా వాడలేదు గుర్తుంచుకోండి, ఊరికే ఉంచితేనే మూడో వంతు పోయింది. వాడకం కంటే నిల్వ ఉంచిన తీరే ఎక్కువ హాని చేయగలదన్న సంగతి నాకు కూడా మొదట నమ్మబుద్ధి కాలేదు.

మన ఇళ్లలో ఫోన్లు కాలే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు. స్కూటీ డిక్కీ. వంటింట్లో యూట్యూబ్ చూస్తూ స్టవ్ పక్కన ఆనించే గట్టు. మధ్యాహ్నం ఎండ పడే కిటికీ అరుగు. వీటన్నిటికంటే ఘోరమైనది బండి హ్యాండిల్‌కు బిగించే ఫోన్ హోల్డరు. నెత్తిన ఎండ, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్ ఆన్, పైగా బండి నుంచి ఛార్జింగ్. నాలుగు వేపులా వేడి. డెలివరీ పని చేసే కుర్రాళ్ల ఫోన్లు ఏడాదికే నీరసపడటానికి కారణం ఇదే. వాళ్లకు వేరే దారీ లేదు. కనీసం ఎండలో వెళుతున్నప్పుడు బండి ఛార్జింగ్ పెట్టకుండా, నీడన ఆగినప్పుడు జేబులోని పవర్ బ్యాంకుతో ఎక్కించుకుంటే కొంత నయం.

ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోను చేతికి చురుక్కుమంటే మందపాటి బ్యాక్ కేసు తీసేయండి. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో మామూలు దానికంటే వేడి ఎక్కువ పుడుతుంది. వేసవిలో తీగే మంచిది.

వేడెక్కిన ఫోన్ను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

వద్దు. బయటికి తీయగానే చల్లటి మంచినీళ్ల సీసాకు పట్టినట్టే ఫోను లోపల చెమ్మ పడుతుంది. కేసు తీసి, స్క్రీన్ ఆపి, ఫ్యాను కింద పెట్టండి.

ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని చంపేస్తుందా?

బస్టాండులోకి ఖాళీ ఆర్టీసీ బస్సు వచ్చిందనుకోండి. మొదట ఎక్కేవాళ్లు పరుగున వెళ్లి కూర్చుంటారు. కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాళ్లు వేస్తారు. ముప్పావు వంతు నిండాక ఎక్కినవాళ్లు సీటు వెతుక్కుంటూ మెల్లగా లోపలికి జరగాలి. అప్పుడు కూడా వెనకనుంచి అదే జోరుగా తోస్తే జనం ఫుట్‌బోర్డు మీద మిగిలిపోతారు. బ్యాటరీలో గ్రాఫైట్ పొరలు సీట్లు, లిథియం అయాన్లు ప్రయాణికులు. సీటు దొరకని లిథియం, గ్రాఫైట్ పైన లోహపు పూతలా పేరుకుంటుంది. అందులో కొంత మళ్లీ పనికి రాదు. మరీ ముదిరితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

ఛార్జింగ్ చిప్పులు చేసే పని కండక్టర్ పనే. సగందాకా జోరుగా ఎక్కనిస్తాయి, ఆ తర్వాత మెల్లగా తగ్గిస్తాయి. అందుకే మీ ఫోను అరగంటలో అరవై ఎక్కి, చివరి ఇరవైకి ఇంకో అరగంట తీసుకుంటుంది. కంపెనీ ఇచ్చిన ఫాస్ట్ ఛార్జరుతో వచ్చే నష్టం జనం భయపడేంత లేదు, కాస్త వేడి మినహాయిస్తే. తొందర లేనప్పుడు, రాత్రిపూట, పాత నెమ్మది ఛార్జరు పెట్టుకుంటే ఆ వేడి కూడా ఉండదు. నేను చేసేది అదే.

వేరే ఫోన్ ఛార్జరు పెట్టొచ్చా? ఎక్కువ వాట్లదైతే కాలిపోదూ?

కాలిపోదు. ఛార్జరు మీద రాసిన వాట్లు అది ఇవ్వగలిగినంత. ఎంత తీసుకోవాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. 65 వాట్ల ఛార్జరుకు 15 వాట్ల ఫోను తగిలిస్తే అది పదిహేనే అడిగి తీసుకుంటుంది. భయపడాల్సింది పేరూ ఊరూ లేని ఛార్జర్ల గురించి. గోడ కరెంటును ఫోను వైపు రాకుండా విడదీసే లోపలి భాగాలు నాసిగా ఉంటే బ్యాటరీ సంగతి అటుంచి మనకే షాక్ కొట్టొచ్చు. మన దేశంలో అమ్మే ఛార్జర్లకు, పవర్ బ్యాంకులకు, లిథియం సెల్లులకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. దొంగ నంబర్లు కొన్ని అక్కడే బయటపడతాయి.

ఒక చిన్న చిరాకు గురించి కూడా చెప్పాలి. టైప్ సి పిన్ను ఉన్న చవక ట్రిమ్మర్లు, టార్చిలు కొన్ని రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌తో అస్సలు ఛార్జ్ అవవు. పాడైందనుకుని పారేయకండి. ఛార్జరుతో మాట్లాడటానికి కావలసిన రెండు చిన్న రెసిస్టర్లను తయారీదారు ఖర్చు కలిసొస్తుందని మానేసి ఉంటాడు. ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెట్టి చూడండి. పనిచేస్తుంది. మా బావ ఈ కారణంగా రెండు ట్రిమ్మర్లు మార్చాడు.

ఛార్జింగ్ పెట్టి ఫోన్ వాడకూడదా?

మెసేజ్ చూసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. గేములు, గంటల తరబడి వీడియో కాల్స్ వద్దు. అటు ఛార్జింగ్ వేడి, ఇటు ప్రాసెసర్ వేడి కలుస్తాయి. తడి చేతులతో, తెగిన కేబుల్‌తో అస్సలు వద్దు.

పవర్ బ్యాంకు మీద 10,000 అని ఉంది, నా ఫోను 5,000. రెండుసార్లు ఎందుకు ఎక్కదు? మోసమా?

మోసం కాదు, లెక్కలో తిరకాసు. ఆ పదివేల ఎంఏహెచ్ (మిల్లీ యాంపియర్ అవర్లు, సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) లోపలి సెల్లుకు, 3.7 వోల్టుల దగ్గర చెప్పిన అంకె. శక్తిగా చూస్తే 37 వాట్ అవర్లు. ఫోన్లోకి పంపాలంటే దాన్ని 5 వోల్టులకో, అంతకంటే ఎక్కువకో పెంచాలి. ఫోను మళ్లీ తన బ్యాటరీ వోల్టేజికి దించుకోవాలి. రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది. ఐదువేల ఎంఏహెచ్ ఫోను నిండటానికి దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. కాబట్టి ఒకటిన్నర సార్లు, మంచిదైతే ఇంకాస్త. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది దాన్నే.

అసలు మోసం ఇంకోచోట ఉంది. టార్చిల్లో వాడే వేలు లావు సెల్లు, 18650 అంటారు, దాని మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్ముతారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు ఉన్న ఆ డబ్బాలో పేరున్న కంపెనీలు పట్టించగలిగేది మూడున్నర వేలు, ఆ చుట్టుపక్కలే. అంతకు మూడింతలు రాసినవాడు బ్యాటరీ మీద రాయలేదు, కొనేవాడి నుదుటి మీద రాశాడు. చేత్తో బరువు చూసినా తెలుస్తుంది. అసలుది 45 గ్రాముల పైమాటే, దొంగది తేలిగ్గా ఉంటుంది.

పవర్ బ్యాంకును విమానంలో తీసుకెళ్లొచ్చా?

చేతి సంచిలో మాత్రమే. చెక్ ఇన్ చేసే సూట్‌కేసులో పెట్టకూడదు, పెడితే బయటికి తీయిస్తారు. సామాన్ల అరలో మంట లేస్తే చూసేవాళ్లుండరు కాబట్టి ఈ నిబంధన. 100 వాట్ అవర్లదాకా మామూలుగా అనుమతిస్తారు. అంటే 3.7 వోల్టుల లెక్కన 27,000 ఎంఏహెచ్. 20,000 రకానికి చిక్కు లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును సెక్యూరిటీ దగ్గర పక్కన పడేస్తే వాదించి లాభం లేదు.

దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటాన్ని నిషేధించింది. ఒక్కటి వెంట ఉంచుకోవచ్చు, దాంతో ఫోను ఛార్జ్ చేయకూడదు, దాన్నీ ఛార్జ్ చేయకూడదు. మిగతా సంస్థలూ నియమాలు బిగిస్తున్నాయి, టికెట్ కొన్నప్పుడే చూసుకోండి.

ట్రిమ్మరు, టార్చి నెలల తరబడి వాడను. ఎలా దాచాలి?

సగం ఛార్జితో, చల్లటి చోట. బీరువా పర్లేదు, అటక వద్దు, రేకుల కింద అటక అయితే అసలే వద్దు. మూడు నెలలకోసారి బయటికి తీసి సగానికి తెచ్చి పెట్టండి. పూర్తిగా దిగిన స్థితిలో నెలల తరబడి వదిలేస్తే వోల్టేజి మరీ కిందికి జారి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జ్ ఎక్కినట్టు కనిపించినా అది నమ్మదగ్గ బ్యాటరీ కాదు. పండగకు తీసిన టార్చి వెలగకపోతే "షాక్ ఇచ్చి లేపుతా" అనే మెకానిక్కులున్నారు. లేపకండి, మార్పించండి.

కొన్ని పాత ట్రిమ్మర్లలో ఇప్పటికీ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఉంటుంది. అడుగున లేబుల్ మీద ఉంటుంది చూడండి. వాటికి అప్పుడప్పుడు పూర్తిగా దించి ఎక్కించడం మంచిదే.

మా బాబు నెబ్యులైజరు బ్యాటరీది. దాన్నీ సగమే ఉంచాలా?

వద్దమ్మా. దాన్ని ఎప్పుడూ నిండా ఉంచండి. అర్ధరాత్రి ఆయాసం వచ్చి, అదే వేళకు కరెంటు కూడా పోతే బ్యాటరీ ఆయుష్షు ఎవరికి కావాలి? రెండేళ్లకోసారి బ్యాటరీ మార్పించుకోవాల్సి వచ్చినా సరే. బీపీ మిషను, షుగరు మిషను లాంటి వాటికీ ఇదే మాట. తీగతో పనిచేసే వీలుంటే ఇంట్లో తీగతోనే వాడి, బ్యాటరీని ప్రయాణాలకు ఉంచండి.

అమెరికాలో ఉంటాం, ఇక్కడ మంచు. ఫోను ఇరవై శాతం దగ్గరే ఆగిపోతోంది.

చలికి బ్యాటరీ లోపలి ద్రవం మందగిస్తుంది, ఫోను అడిగినంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. ఇది శాశ్వత నష్టం కాదు. కోటు లోపలి జేబులో పెట్టుకుంటే తేరుకుంటుంది. చేయకూడని పని ఒకటుంది. రాత్రంతా కారులో గడ్డకట్టిన పవర్ బ్యాంకును తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే పైన చెప్పిన ఫుట్‌బోర్డు కథే. చలికి సీట్లలోకి ఎవరూ జరగరు, అందరూ వాకిట్లోనే. గది వేడికి వచ్చేదాకా ఆగండి. షికాగో చలిలో ఉన్న మా చెల్లికి ఫోనులో చెబితే "మనూళ్లో ఎండ, ఇక్కడ చలి, దీన్ని ఎక్కడ పెట్టుకోనురా" అంది. నిజమే.

వేప్ (ఈ-సిగరెట్) బ్యాటరీ గురించి కూడా చెప్తారా?

బ్యాటరీ వరకూ అయితే అదీ లిథియమే, ఈ జవాబులే వర్తిస్తాయి. వేడి చేసే తీగకు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి నాసి సెల్లు ఇంకా ప్రమాదం. విడి సెల్లును తాళంచెవులతో కలిపి జేబులో వేసుకుంటే షార్ట్ అయి కాలుతుంది. కానీ మన దేశంలో 2019 సెప్టెంబరు నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నిషేధం. అమ్మితే మొదటిసారికే ఏడాదిదాకా జైలు లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సరదాగా తేవడం కూడా మంచిది కాదు.

బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

కొత్తలో ఉన్న సామర్థ్యంలో 80 శాతానికి పడిపోతే వయసైపోయిందని పరిశ్రమ లెక్క. ఐఫోన్ 14 వరకు 500 పూర్తి సైకిల్స్ తర్వాత, 15 నుంచి 1,000 సైకిల్స్ తర్వాత 80 శాతం మిగిలేలా చేశామని ఆపిల్ చెబుతుంది. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు 800 సైకిల్స్ తర్వాత 80 ఉండాలని చట్టమే పెట్టారు. ఆ ఒత్తిడి వల్ల మనకు వచ్చే ఫోన్లూ కాస్త మెరుగవుతాయని నా ఆశ.

అంకె ఎంత ఉన్నా, మీకు రోజు గడుస్తుంటే మార్చక్కర్లేదు. ఫోను నెమ్మదించిందని కొత్తది కొనేముందు మాత్రం బ్యాటరీని అనుమానించండి. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గిస్తున్నామని 2017లో ఆపిల్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. రెండు వేలతో పోయే పనికి ఇరవై వేలు పెట్టినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. తొందరలో ఓ చిన్న షాపులో "ఒరిజినలే సార్" అన్న బ్యాటరీ వేయించాను. నాలుగు నెలలకే స్క్రీన్ ఒక పక్క పైకి లేచింది. బిల్లు అడగలేదు, అతనూ ఇవ్వలేదు. వారంటీ రాసిచ్చేచోటే వేయించండి.

బ్యాటరీ సేవర్ యాప్‌లు పనిచేస్తాయా?

లేదు. అవే బ్యాటరీ తింటాయి, పైగా ప్రకటనలు.

వెనక మూత పైకి లేచింది, బ్యాటరీ ఉబ్బింది. ఏం చేయాలి?

ఛార్జింగ్‌లో ఉంటే తీసేయండి. ఫోన్ ఆపేయండి. మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, "ఒక్క ఫోటోలు కాపీ చేసుకునేదాకా" అని కూడా వద్దు. లోపల ద్రవం విచ్ఛిన్నమై పుట్టిన గ్యాసు అది. నొక్కి మూత బిగించకండి. సూదితో గుచ్చి గాలి తీయమని వీడియోలు చూపిస్తారు, అవి చూసి చేతులు కాల్చుకోకండి. గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట లేస్తుంది.

మంచం, సోఫా, గ్యాస్ బండ దగ్గర్లో లేకుండా, స్టీలు గిన్నెలో గానీ ఇసుక పోసిన మట్టి కుండలో గానీ పెట్టి, బాల్కనీలో నీడన ఉంచండి. అదే రోజు సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి. బస్సులో ఒళ్లో పెట్టుకుని కాదు.

పొగ వస్తే దూరం జరగండి, పిల్లల్ని బయటికి పంపండి, కిటికీలు తెరవండి. ఆ పొగ విషం. ప్లగ్గులో లేని చిన్న వస్తువైతే దూరం నుంచి నీళ్లు ధారగా పోయొచ్చు. చల్లారిస్తేనే పక్క సెల్లుకు పాకదు. మంట ఆరినట్టు కనిపించి మళ్లీ లేవొచ్చు, వెంటనే చేత్తో పట్టుకోకండి. అదుపు తప్పితే 101కి ఫోన్ చేయండి.

పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకండి. బండిలో నలిగితే చెత్తంతా అంటుకుంటుంది, పాపం ఆ పనివాళ్లు ఏం చేశారు? 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం, అయిపోయిన బ్యాటరీలు తిరిగి సేకరించి రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత తయారీదారులదే. రెండు కొసలకూ ప్లాస్టరు అంటించి, సర్వీస్ సెంటర్‌లో గానీ ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేచోట గానీ ఇచ్చేయండి.

ఇవన్నీ మీరు పాటిస్తారా?

ల్యాప్‌టాప్‌కు ఎనభై పరిమితి పెట్టాను. ఫోను ఎండలో వదలను, కారు దిగితే జేబులోకి వస్తుంది. రాత్రి పాత ఛార్జరుకు తగిలించి పడుకుంటాను. సున్నాదాకా దించనని చెప్పుకుంటాను గానీ క్రికెట్ ఉన్న రోజు ఆ మాట నిలబడదు. ఇప్పుడున్న ఫోనుకు నాలుగో ఏడు నడుస్తోంది, బ్యాటరీ సామర్థ్యం 84 శాతం చూపిస్తోంది. మా ఆవిడ ఫోనుకు రెండేళ్లు, 79. ఆవిడ ఫోను స్టవ్ పక్కన ఉంటుంది.